నాలుగో గుంతలో ఆగిన చక్రాలు

ఆదివారం. ఆకాశం తేట. ఎండ పూర్తి.

ఈ దినచర్య రాయమన్నది మా కాలేజీ. మొదట ఆకాశం సంగతి, తరువాత నీటి సంగతి, తరువాత కరెంటు సంగతి రాయాలి. చివర "ఇతరములు" అని రెండు గీతలు ఇచ్చారు. నన్ను ఎరిగినవాళ్ళయితే రెండు గీతలతో సరిపెట్టేవాళ్ళు కాదు.

నేనూ ఫరీదూ పొద్దున్నే తీగబండిలో నాలుగో గుంతలోకి దిగాం. ఒకప్పుడు బొగ్గు తవ్విన గుంత ఇది. మెట్లుమెట్లుగా లోపలికి దిగుతుంది, ఒక్కో మెట్టు వీధంత వెడల్పు. మెట్ల నిండా చేపల చెరువులు, గట్ల మీద ఇళ్ళు. సముద్రం ఊళ్ళను మింగినప్పుడు గోదావరి వెంట పైకి వచ్చిన డెల్టా వాళ్ళ మనవలు, మునిమనవలు ఇక్కడ ఉంటున్నారు. బండి దిగుతుంటే అన్నిటికంటే ముందు చక్రాల చప్పుడు వినిపించింది. ప్రతి చెరువులో ఒక చక్రం పగలూ రాత్రీ నీటిని చిలుకుతూ ఉంటుంది, చేపలకు గాలి అందాలని. ఆ చప్పుడంతా గుంత గోడలకు తగిలి ఒకటే మోతగా మారుతుంది. మధ్యాహ్నానికి నాకు తల పగిలిపోయింది. ఇక్కడివాళ్ళనడిగితే "ఏం చప్పుడు?" అన్నారు.

మా పని ఇది. వేసవి వచ్చి గోదావరి సన్నబడింది, ఆనకట్ట దగ్గర టర్బైన్లు సగమే తిరుగుతున్నాయి. అమావాస్య నాటికి కరెంటు వాడకం నాలుగో వంతు తగ్గించాలని పంపకం ఆఫీసు అన్ని గుంతలకూ చెప్పింది. తగ్గకపోతే ఇక్కడ కింది మెట్టుకు లైను తీసేస్తారు. లైను లేకపోతే చక్రం ఉండదు, చక్రం లేకపోతే చేప బతకదు. ఆ మెట్టు వాళ్ళు చెరువులు ఎండగట్టుకుని ఎగువన గోదాముల్లో పనికి పోవాల్సిందే. ఎలా తగ్గించాలో చూపించడానికి గుంతకు ఇద్దరు విద్యార్థుల చొప్పున పంపారు. నాలుగో గుంత చేసుకున్న పాపం ఏమిటో గానీ మేం దొరికాం.

మాకు బస ఆ కింది మెట్టు మీదే, మాణిక్యం అనే ఆవిడ ఇంట్లో. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. భర్త పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో ఆమె, ఆమె మామగారు ఏడుకొండలు. ఎనభై దాటిన ఆ పెద్దాయనకు నోట్లో పళ్ళు లేవు గానీ మాటకు లోటు లేదు.

"ఏ ఊరు పిల్లా మీది?" అన్నాడు నన్ను చూడగానే.

"ఇక్కడ్నే తాతా. పక్క గుట్ట మీద."

"అయితే ఈ బొగ్గు తవ్వింది మీ తాతలే. మొత్తం తవ్వుకుని, ఖాళీ గుంత మాకిచ్చి, ఇప్పుడు కరెంటు తగ్గించుకోండని మనవరాల్ని పంపేరా?"

నేను మీటర్ల పెట్టె విప్పే పనిలో పడ్డాను. ఫరీద్ మాత్రం అప్పుడే ఆయన పక్కన మంచం మీద కూర్చుని కబుర్లలో పడ్డాడు. మనుషుల్ని మంచి చేసుకోవడం వాడికి పుట్టుకతో వచ్చింది, నాకు కాలేజీలో కూడా నేర్పలేదు.

సోమవారం. తేట. ఎండ పూర్తి.

రోజంతా నీళ్ళు కొలిచాం. తెల్లవారుజామున ప్రాణవాయువు మూడు దగ్గర ఉంది, చక్రాలు లేకపోతే చేపలు తేలేవే. మధ్యాహ్నానికి మీటరు పన్నెండు చూపింది. నీళ్ళలో పచ్చటి పాచి ఉంది కదా, ఎండ తగిలితే అది గాలి వదులుతుంది. మిట్టమధ్యాహ్నం చెరువుకు చక్రంతో పని లేదు. పైగా చక్రం తిప్పితే ఎక్కువైన గాలి నీళ్ళలోంచి బయటికి పోతుంది. అంటే వీళ్ళు కరెంటు ఖర్చుపెట్టి మరీ నష్టపోతున్నారు. ఎండ కాచే పూట చక్రాలు ఆపితే చాలు, నాలుగో వంతు హాయిగా తగ్గుతుంది. మొదటి రోజే లెక్క తేలిపోయిందని నాకు మహా సంతోషం వేసింది. ఇంత చిన్న సంగతి వీళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబోలని జాలి కూడా పడ్డాను.

సాయంత్రం మాణిక్యక్కకు చెప్పాను. ఆమె చేపలు తోముతూ తలెత్తకుండానే విన్నది.

"తెలుసు" అంది.

"తెలిస్తే ఇంకెందుకు తిప్పుతుండ్రక్కా?"

"తిప్పాలి" అని చేపల గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

గుంతకు పెద్ద నూకరాజు గారు. పైన రెండో మెట్టు మీద ఉంటాడు. ఆయన దగ్గరికి వెళ్ళాం. మా లెక్కంతా విని, "ఎండలో నీరు తనే ఊపిరి పోసుకుంటదని మాకు తెలీదనుకున్నావా అమ్మాయ్? మా నాన్న నాకు నడక రాకముందే చెప్పేడు" అన్నాడు. మరి ఆపొచ్చు కదా అంటే, బొచ్చె పులుసు బాగా కుదిరింది, తిని వెళ్ళండి అన్నాడు. పులుసు నిజంగానే బాగుంది. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

బుధవారం. తేట. ఎండ మండిపోయింది.

ఇతరములకు ఈ రోజు రెండు గీతలు చాలవు.

మాణిక్యక్క మేత బస్తాల కోసం తీగబండిలో పైకి వెళ్ళింది. ఏడుకొండలు తాత చెరువు గట్టున పందిరి కింద మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను వెళ్ళి అడిగాను.

"తాతా, మీ చక్రం జరసేపు ఆపి చూద్దమా? నీళ్ళు ఎట్ల మారుతయో కొలుస్తం."

ఆయన ఒక కన్ను తెరిచాడు. "మా కోడలు లేదుగా?"

"లేదు."

"అయితే ఆపుకో" అని తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

స్విచ్ ఆపాను. చక్రం నెమ్మదించి నిలిచింది. మోతలో నాకేమీ తేడా తెలియలేదు. గుంతకు తెలిసింది. ఎదుటి మెట్టు మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ చెయ్యి ఆపి ఇటు చూసింది. పై మెట్టు మీద ఎవరో తలలో పూలు తీసి గట్టు మీద పెట్టారు. కాసేపటికి అన్ని మెట్ల మీద నుంచీ మనుషులు దిగడం మొదలుపెట్టారు. అందరి భుజాల మీదా తెడ్లు. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు. వచ్చి చెరువు చుట్టూ నిలబడి, తలలు వంచుకుని తెడ్లతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. కొట్టేవాళ్ళు కొడుతూనే ఏడుస్తున్నారు.

"వకుళా, మీటరు పడిపోతుంది" అన్నాడు ఫరీద్ నా చెవిలో. "పన్నెండుండే, తొమ్మిదికొచ్చింది. ఎందుకు కొడుతుండ్రో అడుగు."

ఏమని అడగను? నూకరాజు గారు మంచానికి దగ్గరగా నిలబడి తెడ్డు వేస్తున్నాడు. కళ్ళ నీళ్ళు మీసాల్లోకి కారుతున్నాయి. "మావా, మొన్ననే గదా నన్ను గాడిదని తిట్టేవు. ఇక నన్ను తిట్టేదెవరు?" అంటున్నాడు.

తువ్వాలు కదిలింది. "నీకేం లోటురా నూకరాజూ, నేనున్నాగా. తెడ్డేత్తన్నావా, అట్లు తిరగేత్తన్నావా? కాత్త గట్టిగా ఏడు" అన్నాడు తాత దాని కిందనుంచి.

నూకరాజు గారి చేతిలో తెడ్డు నీళ్ళలో పడింది. ఆ తరువాత జరిగినదాన్ని గొడవ అనాలో, నవ్వు అనాలో నాకు తెలియదు. ఆయన నిజంగానే గాడిద కంటే పెద్ద మాటలు అన్నాడు, తాత లేచి కూర్చుని అన్నీ విన్నాడు. ఆ సందట్లోనే ఫరీద్ పక్కావిడను అడిగి సంగతి తెలుసుకున్నాడు. ఇక్కడ ఎవరైనా పోతే ఆ ఇంటి చక్రం ఆపేస్తారు. అరిచి చెప్పరు, కబురు పంపరు. మోతలో ఒక చక్రం తగ్గిందని గుంతంతా గుర్తుపట్టి వస్తుంది. చక్రం ఆగినంతసేపూ ఆ ఇంటి చేపలు చావకుండా నీళ్ళు చేత్తో కొడతారు. దాన్నే తెడ్డు వేయడం అంటారు. చావు మాట వట్టిగా నోటితో అనకూడదు కాబట్టి మాకెవరూ చెప్పలేదు.

అప్పుడే తీగబండి కిందికి దిగింది. మాణిక్యక్కకు సగం దారిలోనే మోత తేడా వినిపించిందట. బండి దిగి నాలుగడుగులు వేసి కూలబడింది. ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. మంచం మీద కూర్చుని ఉన్న మామగారిని చూసింది. వెళ్ళి స్విచ్ వేసి, లోపలికి పోయి తలుపు మూసుకుంది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నేను చేసింది తప్పని చెప్పుకోవడానికైనా ఆ తలుపు తట్టే ధైర్యం రాలేదు.

"నాకు చూడాలనిపించిందమ్మా" అన్నాడు తాత, నా మొహం చూసి. "మా ఆవిడ పోయినప్పుడు మెట్లన్నీ కదిలొచ్చేయి. నాకెంతమంది వత్తారో చూసుకోడానికి ఇంకో దారేది?"

గురువారం. తేట. ఎండ పూర్తి.

పొద్దున్న మాణిక్యక్క తనంతట తనే గంజి తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది.

"మా ఆయన పోయినప్పుడు ఆ స్విచ్ నా చేత్తోనే ఆపేను" అంది. "తీసుకెళ్ళేదాకా ఆగే ఉంది. ఊరంతా తెడ్డు వేత్తానే ఉన్నా నాకు ఆ చప్పుడు వినపళ్ళేదు, చక్రం లేని నిశ్శబ్దమే వినపడింది. పాచి, ఎండ, గాలి అన్నీ నాకు తెలుసమ్మాయ్. లైను పోతే ముందు పోయేది నా చెరువేనని కూడా తెలుసు. ఆపమంటే ఆపుతారు జనం. రోజూ మిట్టమధ్యాహ్నం ఆ నిశ్శబ్దమొచ్చి నా ఇంట్లో కూర్చుంటే నేనెక్కడికి పోను?"

నేను గంజి తాగాను.

సాయంత్రం నూకరాజు గారు పెద్దల్ని పిలిచాడు. మా లెక్క సరైనదేనని అందరూ ఒప్పుకున్నారు. అయితే పగలల్లా అన్ని చక్రాలూ ఆగి ఉంటే, పోయినవాళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది? గంట పెట్టుకోండి, జెండా ఎగరేయండి అన్నాను నేను. అందరూ నా వైపు ఎంతో మర్యాదగా చూశారు. ఆ చూపు కంటే తిట్టు నయం.

తాతను మంచంతో సహా మోసుకొచ్చారు. చివర ఆయన మాట్లాడాడు. "నాకు నిన్న తెడ్డు పడిపోయింది. ఒక మనిషికి ఎన్నిసార్లు ఏత్తారు? ఇక నా చక్రం ఆగినా ఎవరూ కంగారుపడి రానక్కర్లేదు. నా చెరువు ఆపుకోవచ్చు. మీ ఇళ్ళల్లో ముసలాళ్ళకి కూడా ముందే ఏసెయ్యండి, గొడవొదిలిపోద్ది."

అందరూ నవ్వారు, నూకరాజు గారి తల్లి తప్ప. ఆమె నవ్వకుండా, "ఆదోరం నాకేయించరా నూకా" అంది.

ఆదివారం. తేట. ఎండ పూర్తి.

దీనికి ముందుతెడ్డు అని పేరు పెట్టారు. నూకరాజు గారి తల్లి గట్టు మీద కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. కొడుకు చక్రం ఆపాడు. జనం తెడ్లతో వచ్చారు. ఏడవాలో వద్దో తెలియక కొందరు మొహాలు అటూ ఇటూ తిప్పుకున్నారు. ఆమె మాత్రం ప్రతివాళ్ళనీ చూసింది. "వరాలూ, నడుం వంచి కొట్టు, నీ పెళ్ళికి నేను మూడ్రోజులు వండేను." "మా తోటికోడలు రాలేదేం? కీళ్ళ నొప్పులా? పులస తినడానికైతే నొప్పులుండవు." ఫరీద్ మీటరు పట్టుకుని, నీళ్ళలో గాలి పోతోంది, తలా నాలుగు దెబ్బలతో సరిపెట్టమని బతిమాలుకున్నాడు. అలాగే చేశారు.

తరువాత ఆమె లేచి, తెడ్లు వేసిన అందరికీ బెల్లం పానకం పోసింది. నాకు గ్లాసు ఇస్తూ, "మా ఆయన పోయినప్పుడు ఎవరెవరొచ్చేరో ఏడుపులో చూడనేలేదు. ఇయ్యాల చూసుకున్నాను" అంది. ఆమె చాలా సంతోషంగా ఉంది. నాక్కూడా మనసు తేలికపడింది.

రేపటి నుంచి వాళ్ళ చక్రం పొద్దెక్కితే ఆగి, పొద్దు వాలితే తిరుగుతుంది.

శుక్రవారం. పొద్దున మబ్బు, తరువాత తేట.

ఈ వారమంతా గుంతలో బతికున్నవాళ్ళ తద్దినాలే. ఒక్కో పూట రెండిళ్ళల్లో. ముసలివాళ్ళు వంతులకు పోటీ పడ్డారు. ఎవరికి ఎక్కువమంది వచ్చారని తగువులు వచ్చాయి. పెద్దవాళ్ళు లేని కుర్ర జంటలు పోయిన తాతల పేరు చెప్పుకుని తెడ్డు వేయించుకున్నారు. పై మెట్లూ నడిమి మెట్లూ దాదాపు అన్నీ అయ్యాయి. ఇప్పుడు మధ్యాహ్నం మోత సగానికి సగం తగ్గింది. మొదటిసారి గుంతలో పిట్టల అరుపు విన్నాను.

మబ్బు వేసిన పూట ఆపకూడదని ఫరీద్ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఎండ లేకపోతే పాచి గాలి వదలదు. అది కూడా వాళ్ళకు తెలుసు, అయినా వాడు చెబుతుంటే ముచ్చటపడి విన్నారు. నేను చెబితే ఇలా వినరు.

తెడ్డు పడ్డాక కూడా ఆగనిది ఒకే ఒక్క ఇల్లు. మా ఇల్లే. అందరికంటే ముందు తెడ్డు పడిన ఏడుకొండలు చెరువులో చక్రం మిట్టమధ్యాహ్నం గిరగిరా తిరుగుతూనే ఉంది. ఎవరి మెట్టు కోసం గుంతంతా చక్రాలు ఆపుకుందో ఆ మెట్టు మనిషే ఆపడం లేదు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. తాత మాత్రం రోజూ అన్నం దగ్గర సణుగుతాడు. "నా తెడ్డు వృథా చేసేవు కోడలా" అంటాడు. ఆమె కూర వడ్డిస్తుంది.

మంగళవారం. తేట. ఎండ పూర్తి.

మిగిలిన ఇళ్ళల్లోనూ తెడ్లు పడ్డాయి. లెక్క చూశాం. నాలుగో వంతుకు కొద్దిగా తక్కువలో ఉన్నాం. మా ఇంటి చక్రం ఒక్కటీ ఆగితే గట్టెక్కుతాం. ఈ మాట మాణిక్యక్కకు ఎవరు చెప్పాలని నేనూ ఫరీదూ వాదించుకున్నాం. వాడు తప్పించుకున్నాడు.

చెప్పాను. ఆమె చాలాసేపు చెరువు వైపు చూసింది. "నా ఒక్కదాని మూలంగా పోతే బాగోదు" అంది. వెళ్ళి స్విచ్ ఆపింది. ఆపి ఇంట్లో ఉండలేదు. తీగబండి ఎక్కి పైకి వెళ్ళిపోయింది, పొద్దు వాలేదాకా రాలేదు.

శనివారం. తేట. ఎండ పూర్తి.

రోజూ పైకి పోతున్న మనిషి ఈ రోజు పోలేదు. చక్రం ఆపి గట్టు మీద మామగారి మంచం పక్కన కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బిగుసుకుని కూర్చుంది. తాత ఏవేవో పాత కబుర్లు చెబుతూ పోయాడు, సముద్రంలో మునిగిన వాళ్ళ ఊరి గురించి. ఆ ఊరు ఆయనా చూడలేదు, వాళ్ళ నాన్న చెబితే విన్నదే. కాసేపటికి ఆమె, "ఆ మాట మీ అబ్బాయి ఇంకోలా చెప్పేవారు మావయ్యా" అంది. ఇద్దరూ ఆయన గురించి మాట్లాడుకున్నారు. నేను వచ్చాక ఆమె భర్త మాట ఈ ఇంట్లో అంతసేపు నడవడం ఇదే మొదలు. మధ్యలో ఆమె నవ్వింది కూడా.

సోమవారం, చతుర్దశి. తేట. ఎండ పూర్తి.

రేపు అమావాస్య. పొద్దున్నే ఆఫీసువాళ్ళు రీడింగు తీసుకుంటారు. లెక్క సరిగ్గా గీత మీద ఉంది. ఈ ఒక్క రోజు ఎవరూ ఎక్కువ వాడకపోతే కింది మెట్టు నిలుస్తుంది. పొద్దున అంతవరకే రాసి పెట్టాను. మిగతాది ఇప్పుడు, పొద్దుపోయాక రాస్తున్నాను.

పొద్దెక్కాక చక్రాలన్నీ ఆగాయి. గుంత నిశ్శబ్దంగా ఉంది. నేను నడిమి మెట్టు మీద నీళ్ళు కొలుస్తున్నాను. అప్పుడు కింది నుంచి ఒక చక్రం తిరగడం వినిపించింది. ఒకే ఒక్కటి. ఎవరో మరిచిపోయి స్విచ్ వేశారని చిరాకు పడ్డాను. గట్టు మీదికి వచ్చి చూస్తే అది మా ఇంటి చక్రం.

నాతోపాటు గుంతంతా అటు చూస్తోంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎవరూ నేర్పని గుర్తు అది. అయినా ముందు నూకరాజు గారి తల్లి, తరువాత పక్కావిడ, తరువాత ఒక్కొక్కరూ తెడ్లు తీసుకుని దిగడం మొదలుపెట్టారు. నేను మీటరు అక్కడే వదిలేసి పరుగెత్తాను.

ఏడుకొండలు తాత మంచం మీద ఎప్పటిలాగే ఉన్నాడు. మొహం మీద తువ్వాలు లేదు. అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదట. నేను ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాను. ఇన్నాళ్ళు ఇంట్లో ఉన్నాను గానీ ఆయనంటే నాకు ఇంత ఇష్టమని అప్పటిదాకా తెలియలేదు.

మాణిక్యక్క స్విచ్ దగ్గర నిలబడి ఉంది. "ఆపడానికేముంది? ఆగే ఉంది గదా" అంది అందరి వైపూ చూసి. "అందుకని తిప్పేను."

నూకరాజు గారు ముందుకు వచ్చాడు. "మావకి ముందే వేసేం కదమ్మా. ఇంకెవరూ రానక్కర్లేదన్నాడు కూడాను."

"అది ఆయన చూసుకోడానికి వేసేరు. ఇది మన కోసం" అంది.

ఆయన తలవంచుకుని ఒప్పుకున్నాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయ్, పొద్దు వాలేదాకా ఈ చక్రం తిరిగితే లెక్క తప్పుద్దా?" అని మెల్లగా అడిగాడు. అబద్ధం చెప్పాలని నిజంగా అనిపించింది.

"తప్పుతది" అన్నాను.

మెల్లగా అన్న ఆ మాట ఆమెకు వినపడింది. చెయ్యి స్విచ్ మీదికి పోయింది. నూకరాజు గారు వెళ్ళి ఆ చేతిని స్విచ్ మీద నుంచి తీసి పట్టుకున్నాడు.

"ఉంచు" అన్నాడు. "ఒక చక్రం ఎక్కువ తిరిగితే, ఇంకోటి అంతసేపు తక్కువ తిరుగుద్ది. చూసుకుంటాం."

పొద్దు వాలి చక్రాలన్నీ వేసుకునే వేళయింది. పైమెట్టు మొదటి ఇల్లు వాళ్ళు వేసుకోలేదు. అందరం తెడ్లతో అక్కడికి వెళ్ళి వాళ్ళ చెరువు కొట్టాం. కాసేపటికి వాళ్ళు స్విచ్ వేసుకున్నారు, పక్క ఇంటివాళ్ళు ఆపారు. అక్కడికి వెళ్ళాం. అలా ఇల్లిల్లూ, మెట్టు మెట్టూ. కొందరు తాత దగ్గర కూర్చుంటే మిగతావాళ్ళు తెడ్డు వేశారు, మళ్ళీ మారారు. నాకూ ఒక తెడ్డు ఇచ్చారు. నడుం వంచి కొట్టమని నూకరాజు గారి తల్లి నన్ను రెండుసార్లు కోప్పడింది. మీటరు పట్టుకుని మా ముందు నడిచిన ఫరీద్ ఎక్కడ చాలో అక్కడ చెయ్యి ఎత్తాడు. నడిరాత్రి కాకముందే మా మెట్టు దాకా వచ్చేశాం.

మంగళవారం, అమావాస్య. తేట.

తెల్లవారగానే తాతను గోదావరి ఒడ్డుకు తీసుకెళ్ళారు. నేను రీడింగు కోసం ఉండిపోవాల్సి వచ్చింది. కొందరు ఆడవాళ్ళూ, మాణిక్యక్కా, నేనూ ఇంటి దగ్గర ఉన్నాం. ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినాయన ఎవరో నెమ్మదైన మనిషి.

"నాలుగో గుంత. మొత్తం సరిపోయింది. గీత మీదే ఉన్నారు గానీ సరిపోయింది. ఒక్క సందేహం. నిన్న ఎండ పూట కింది మెట్టులో ఒక చక్రం తిరిగింది. సాయంత్రం నుంచి మాత్రం వంతులవారీగా ఒక్కో ఇల్లూ ఆగుతూ వచ్చింది. ఏదైనా మరమ్మతా?"

"కాదు సార్" అన్నాను.

"మరేమిటి? కారణం రాసుకోవాలి."

మాణిక్యక్క గడప మీద కూర్చుని నా వైపే చూస్తోంది. ఏం రాయించాలో రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మా ఇంట్ల పెద్దాయన పోయిండు సార్" అన్నాను.

అవతల ఆయన రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తరువాత, "అలాగేనమ్మా. లైను ఉంటుంది" అని పెట్టేశాడు.

ఆ మాట చెబుదామని ఆమె వైపు తిరిగాను. ఆమె లైను సంగతి అడగలేదు. "ఎవరింట్లో అన్నావు?" అంది.

"మా ఇంట్ల" అని మళ్ళీ చెప్పాను. ఆమె జరిగి, గడప మీద నాకు చోటిచ్చింది.